అరవై రెండో ఏట, రెండు వారాలు

తార్తు యూనివర్సిటీలో జూలై ఉక్కకి
కిటికీ రెక్కలన్నీ బార్లా తీసి పెట్టారు.
ముప్పై ఒక్క మందిలో నెరిసిన తల నాదొక్కటే.
హాజరు పిలుస్తున్న అమ్మాయి నన్ను చూసి
"మీ మనవడు ఏ వరుసలో ఉన్నాడండీ?" అంది.
"హెల్వే తామ్మెని నేనే" అన్నాను.
ఆమె పెన్ను కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

తొమ్మిదింటికి క్యూబిట్లు,
పదకొండింటికి మెదడును పోలిన చిప్పులు,
అన్నం గొంతు దిగకముందే ల్యాబు.
ఏడాది చదువుని పది రోజుల్లో కుక్కుతున్నారు,
చలికాలానికి ముందు మా అమ్మ
సీసాల్లో దోసకాయలు కుక్కినట్టు.
మూత పడుతుందో లేదో నాకే అనుమానం.
మాట్రిక్సులంటే మరిచిపోయిన చుట్టాలు:
ముఖం గుర్తుంది, పేరు నోటికి రాదు.

నా పక్క సీటు దాగ్నియాది. రీగా పిల్ల.
ముక్కుకి సన్నటి రింగు, మణికట్టు మీద నక్క బొమ్మ.
నా నోట్సులోకి తొంగి చూసి
"ఇంత గుండ్రంగా సున్నాలు ఇప్పుడెవరు చుడతారు!" అంటుంది.
సున్నా చుట్టడమే జీతంగా ఉన్న రోజులు ఉండేవి, పిల్లా.

ఎనభై రెండో సంవత్సరం.
కార్డుల గదిలో పదహారు మంది ఆడవాళ్లం.
యంత్రాల టకటకలో మాట వినబడక
పెదాలు చూసి కబుర్లు చెప్పుకునేవాళ్లం.
కన్నం ఉంటే ఉంది, లేకుంటే లేదు.
లోకం అంతే.

ఆ మార్చిలో ఒకనాడు
నా వేలు ఒక్క గడి పక్కకి జారింది.
సమష్టి క్షేత్రంలో పాలు పితికే లెయిదాకి
ఆ నెల జీతం సున్నా అని అచ్చయి వచ్చింది.
ఆమె గొడవ పడలేదట.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
బూట్ల మీది బురద రాల్చుకుని
మళ్లీ ఆవుల దగ్గరికే వెళ్లిందట.
పై నెలలో సరిచేశారు.
నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు.
ఆ అనకపోవడమే
నలభై మూడేళ్లుగా వినబడుతోంది.

మూడో రోజు రైవో మాస్టారు
బోర్డు మీద ఒక బాణం ఏటవాలుగా గీసి
"కొలిచేదాకా ఇది సున్నా అనలేం, ఒకటి అనలేం,
రెండూ కలిసిన స్థితి" అన్నాడు.
నా చెయ్యి దానంతటదే లేచింది.
"కార్డు ఇంకా పెట్టెలోనే ఉన్నప్పుడు
లెయిదా జీతం ఉన్నట్టా, లేనట్టా?"
వెనక వరుసల్లో కిసుక్కుమన్నారు.
ఆయన నవ్వలేదు.
లెయిదా ఎవరని కూడా అడగలేదు.
సుద్దముక్క కింద పెట్టి,
"లేనట్టేనండీ. కన్నం అప్పటికే పడిపోయింది.
మనకి తెలియకపోవడం వేరు,
దానికే తేలకపోవడం వేరు."

కట్టిన ఫీజంతా ఆ ఒక్క మాటకే చెల్లిపోయింది.
ఆ రాత్రి హాస్టల్ మంచం మీద
తెల్లవారని, పొద్దు గూకని ఆకాశాన్ని చూస్తూ
అటూ ఇటూ పొర్లాను.

ఆఖరి రోజు మా సర్క్యూట్ని
ఎక్కడో సముద్రాల అవతల,
అంతరిక్షం కన్నా చల్లటి పీపాలో ఉన్న యంత్రానికి పంపాం.
వరుసలో మా వంతు నలభై ఏడు.
ఎమయోగి ఒడ్డున మెట్ల మీద కూర్చుని
పొట్లంలో స్ట్రాబెర్రీలు తింటూ ఎదురుచూశాం.
రాత్రి పదకొండయినా
నీళ్ల మీద అక్షరాలు చదువుకునేంత వెలుగు.
దోమలు మాత్రం టైముకే వచ్చాయి.

దాగ్నియా ఫోను మోగింది.
వెయ్యిన్నీ ఇరవైనాలుగు సార్లు కొలిచింది యంత్రం.
రెండు సున్నాలు: నాలుగు వందల ఎనభై తొమ్మిది.
రెండు ఒకట్లు: నాలుగు వందల డెబ్భై నాలుగు.
మిగిలిన అరవై ఒకటి
రాకూడని జవాబులు.
అంత చలిలో కూడా వేలు జారుతుందన్నమాట.

"ఇవి తీసేసి గ్రాఫు గీద్దామా? అందంగా వస్తుంది"
అంది పిల్ల, పళ్ల రసం అంటిన వేళ్లతో.

"ఉంచు" అన్నాను.
"అరవై ఒకటీ లెక్కపెట్టి రాయి.
ఎవరి జీతమో."